టోర్నమెంట్ తొలి గంటల్లో లూజ్‌గా ఆడాలా, టైట్‌గా ఆడాలా: సమస్యలు, పరిష్కారాలు

లూజ్ అంటే చాలా రకాల ముక్కలతో ఆటలోకి దిగడం, టైట్ అంటే మంచి ముక్కలతోనే దిగడం. ఇక్కడ చెప్పేది లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ వంటి నిదానమైన టోర్నమెంట్ల గురించి. అందులో 60,000 చిప్‌లతో, 100-200 బ్లైండ్లతో (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే చిన్న, పెద్ద పందేలు) ఆట మొదలవుతుంది; ఒక్కో లెవెల్, అంటే బ్లైండ్లు పెరిగేలోపు వ్యవధి, రెండు గంటలు సాగుతుంది. ఎలా ఆడాలో తేల్చవలసింది మన స్వభావం కాదు, చేతిలో ఉన్న ఈ 300 పెద్ద బ్లైండ్లు.

సమస్య: పెద్ద పాట్ (మధ్యలో చేరిన పందేల మొత్తం) ఒక్కటీ ఓడకపోయినా, మొదటి విరామానికే స్టాక్‌లో (దగ్గరున్న చిప్‌లలో) మూడో వంతు తరిగిపోయింది.

కారణం బ్లైండ్లు కావు. టేబుల్ ఒక చుట్టు తిరిగేసరికి వాటికి పోయేది 300 మాత్రమే. చవకగా ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) చూడవచ్చునని, అందరికన్నా ముందుగా ఆడవలసిన స్థానాల నుంచి కాల్ చేసిన (పందేనికి సమానంగా కట్టిన) బలహీనమైన ముక్కలే అసలు కారణం. రెండూ ఇస్పేట్లే కదా అని 9, 4 పట్టుకుని దిగేవారు, ఫ్లాప్‌లోనే ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) పూర్తవడం నూటికి ఒక్కసారి కూడా జరగదని గమనించరు. మిగిలిన సార్లు అరకొర చేతితో, తమ తర్వాత ఆడేవారి ఉద్దేశం తెలియకుండానే ఇంకో రెండు పందేలు కడతారు. రమ్మీ అలవాటున్న మనవారికి ఒక మాట: అక్కడ మొదటి డ్రాప్‌కు సాధారణంగా 20 పాయింట్లు పడతాయి, ఇక్కడ బ్లైండ్లలో లేనప్పుడు ముక్కలు పడేస్తే ఏమీ పోదు.

పరిష్కారం స్థానాన్ని బట్టి ఉంటుంది. మొదటి స్థానాల్లో పెద్ద జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి వంటివాటికే పరిమితం కావాలి. బటన్ (ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడే స్థానం) దగ్గర మాత్రం లూజ్‌గా ఆడటమే సరైనదని నా అభిప్రాయం. ఎవరైనా 500కు రెయిజ్ చేసినప్పుడు (పందెం పెంచినప్పుడు) మీ దగ్గర ఐదుల జత ఉంటే, ఫ్లాప్‌లో మూడో ఐదు నూటికి సుమారు 12 సార్లు వస్తుంది. వచ్చిన రోజున ఎదుటివారి దగ్గర గెలవగలిగింది మీరు పెట్టినదానికి వంద రెట్లకు పైగా ఉంటుంది.

సమస్య: ఆసు-రాజుతో టాప్ పెయిర్ (టేబుల్ మీది అన్నిటికన్నా పెద్ద ముక్కతో జత) తగిలినా, మొత్తం స్టాక్ పోయింది.

20 బ్లైండ్లు మిగిలినప్పుడు సరిపోయే ధైర్యాన్ని 300 బ్లైండ్ల దగ్గర చూపడమే ఇందుకు కారణం. ఇంత లోతైన స్టాక్‌లన్నీ మధ్యలోకి వచ్చాయంటే, ఎదుటివారి చేతిలో తరచుగా రెండు జతలో, సెట్టో (చేతిలోని జతకు టేబుల్ మీద మూడోది కలిసినది) ఉంటాయి. ఒక్క జతతో ఒకటి రెండు పందేల వరకే వెళ్లి, టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క దగ్గర) పెద్ద రెయిజ్ ఎదురైతే మనసు ఒప్పుకోకపోయినా ఫోల్డ్ చేయాలి (ముక్కలు పడేయాలి).

సమస్య: గంటలకొద్దీ ఎదురుచూస్తే ఆసుల జత వచ్చింది, ఒక్కరూ కాల్ చేయలేదు.

మరీ టైట్‌గా ఆడటం వల్ల మీ రెయిజ్‌కు అర్థం టేబుల్ అంతటికీ తెలిసిపోయింది. మీ ముందున్నవారంతా ఫోల్డ్ చేసిన ప్రతిసారీ బటన్ నుంచి మరిన్ని రకాల ముక్కలతో రెయిజ్ చేయండి. అయితే స్టాక్ 30 బ్లైండ్లకు పడిపోయిందంటే ఆ ఐదుల జతతో రెయిజ్‌కు ఊరికే కాల్ చేయడం మానాలి. అప్పటికి సెట్ తగిలినా, మిగతా సార్లు పోయినదాన్ని పూడ్చేంత రాబడి ఉండదు.