బిడ్డల మనోవర్తి కేసు: మూసే ముందు, మళ్లీ తెరిచేటప్పుడు

"కేసు తీసెయ్యమ్మా, నెలనెలా డబ్బులు నేను ఇప్పిస్తా కదా" అని పెద్దమనుషులు అనగానే వాయిదా రోజు వెళ్లి సంతకం పెట్టేయకండి. ఆ మాటిచ్చినాయన మంచివాడే కావచ్చు, కానీ ఆర్నెల్ల తర్వాత బిడ్డ తండ్రి ఫోన్ ఎత్తకపోతే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. కోర్టు అయితే వారంట్ ఇవ్వగలదు.

కేసు ఎలా మూతపడుతోందో ముందు చూసుకోండి, రేపు తెరిచే దారి దాన్నిబట్టే ఉంటుంది. చాలాసార్లు జరిగేదేమిటంటే, వకీలు "పిటిషనర్లు ఈ కేసు నడుపుకోదలచలేదు" అని ఒక మెమో రాస్తారు, కింద మీ సంతకం, అంతే, కేసు కొట్టేస్తారు. ఎంత ఇస్తాడు, ఎప్పటికి ఇస్తాడు, ఇవ్వకపోతే ఏంటి, ఒక్క ముక్కా అందులో ఉండదు. అలా వద్దు. రాజీ కుదిరితే, రాజీ కేసులు చూసే లోక్ అదాలత్‌లో పెట్టించుకోండి. నెలకి ఎంత, ఏ తేదీలోపు, ఏ ఖాతాలో, పాత బాకీ ఎప్పుడు కడతాడు, ఒక్క నెల తప్పినా కేసు తెరుచుకోవచ్చు అనే మాటతో సహా అన్నీ రాయించండి. లోక్ అదాలత్ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది, మాట తప్పితే ఈపీ (దాన్ని అమలు చేయించమని కోర్టులో వేసే పిటిషన్) వేసుకోవచ్చు. దాని మీద అప్పీలు మాత్రం లేదు, అందుకే ప్రతి లైనూ చదివించుకుని విన్నాకే సంతకం.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తున్నా. రాజీలో మీకొచ్చేది మీరు వదులుకున్నా, బిడ్డకి రావాల్సింది వదిలేసే హక్కు మీకు లేదు. బిడ్డ పేరున మొత్తం విడిగా రాయించండి.

ఇప్పటికే మూసేసుకున్నారా? టెన్షన్ పడకండి. రాజీ చేసుకుని కేసు తీయించి, తర్వాత భర్త మాట తప్పితే పాత మనోవర్తి ఉత్తర్వును ఫ్యామిలీ కోర్టు తిరిగి తేవచ్చని 2020లో సంజీవ్ కపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాయిదాకి వెళ్లలేక కేసు పోయి ఉంటే, అదే కోర్టులో పునరుద్ధరణ పిటిషన్ వేయమని వకీలుని అడగండి, రాలేకపోయిన కారణానికి ఆసుపత్రి చీటీ లాంటిది ఏదున్నా జత చేయండి. కొత్త కేసూ వేసుకోవచ్చు, కావలిలో పుట్టింట్లో ఉంటే అక్కడి కోర్టులోనే. కాకపోతే మనోవర్తి కేసు వేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని సుప్రీంకోర్టుదే రజనీష్ వర్సెస్ నేహా తీర్పు ఉంది, కొత్తది వేస్తే లెక్క ఆ కొత్త తేదీ నుంచే మొదలవుతుంది. అందుకే పాతదాన్ని బతికించుకోవడమే నయం.

ఉత్తర్వు ఉండి కూడా డబ్బు రావట్లేదంటే అసలు ఆలస్యం చేయొద్దు. బాకీ పడ్డ ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే దానికి వారంట్ ఇస్తారు. "పాపం, ఈ పంట చేతికొచ్చాక ఇస్తాడులే" అని రెండేళ్లు ఊరుకున్న వాళ్లకి మొదటి ఏడాది బాకీ మీద వారంట్ దారి మూసుకుపోతుంది. కట్టని ప్రతి నెలకీ నెల వరకు జైలు వేయొచ్చు, జైలుకెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదు. ఆయన వేరే ఊళ్లో ఉంటే అక్కడి మెజిస్ట్రేట్ దగ్గర కూడా అమలు చేయించుకోవచ్చు. పాత కాగితాల్లో ఈ మనోవర్తి సెక్షన్ పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ 125 అని ఉంటుంది, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 144. పిల్లల ఖర్చు పెరిగి మొత్తం పెంచాలంటే ఆ కొత్త చట్టంలోనే 146 కింద అడగాలి.

ఆదాయం రుజువు దగ్గరే చాలా కేసులు కుంటుపడతాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనో, రొయ్యల చెరువుల దగ్గరో జీతం చేతికిస్తే స్లిప్పు ఎక్కడిది? ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం చూపిస్తూ అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాలని ఆ రజనీష్ తీర్పులోనే ఉంది, ఆయన చేత వేయించమని పట్టుబట్టండి. బండి ఆర్సీ, పొలం అడంగల్, ఆయన ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్లు, దొరికినవన్నీ పెట్టండి.

వకీలుకి డబ్బు లేదని ఆగొద్దు. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టంలో ఉంది. నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పాత ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, కేసు నంబరు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, డబ్బు ఏ నెల పడిందో ఏ నెల పడలేదో తెలిసేలా బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీ వేయించి తీసుకెళ్లండి.