బాండ్లు ఎన్నో బట్టీ పట్టకుండా లెక్కేసే పద్ధతి
అణువులో పరమాణువుల మధ్య ఎన్ని బాండ్లు (బంధాలు) ఉంటాయో గుర్తుండట్లేదా, అయితే ఒక్క తీసివేత చాలు. ఒక్కో పరమాణువుకి బయటి కక్ష్య నిండటానికి 8 ఎలక్ట్రాన్లు కావాలి (హైడ్రోజన్‌కి మాత్రం 2 చాలు), అన్నిటికీ కలిపి కావాల్సినవి ఎన్నో రాసి, అందులోంచి ఆ బయటి కక్ష్యల్లో నిజంగా ఉన్నవి తీసేయండి, మిగిలినవే పంచుకోవాల్సినవి, ఒక్కో బాండ్‌కి 2 కాబట్టి సగం చేస్తే బాండ్ల సంఖ్య వచ్చేస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ చూడండి, కావాల్సినవి 24, ఉన్నవి 4+6+6 అంటే 16, తేడా 8, సో 4 బాండ్లు. కార్బన్ మధ్యలో కూర్చుని రెండు పక్కలా రెండేసి బాండ్లు వేస్తుంది. నైట్రోజన్ అణువుకి 16లోంచి 10 పోతే 6, అంటే 3 బాండ్లు, అవి విడగొట్టడం చాలా కష్టం కాబట్టే గాల్లో అంత నైట్రోజన్ ఉన్నా అంత తేలిగ్గా దేనితోనూ కలవదు, నాకైతే ఇది భలే నచ్చుతుంది!

నీటికి 12లోంచి 8 తీస్తే 4, రెండు బాండ్లు. ఉన్న 8లో బాండ్లకి పోగా మిగిలిన 4 ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ మీద రెండు జంటలుగా పెట్టడం మాత్రం మర్చిపోకండి, బాండ్ల కోణం 104.5 డిగ్రీలకి వంగేది వాటి వల్లే.

బోరాన్ ట్రైఫ్లోరైడ్, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ లాంటివాటికి 8 రూలే సరిగ్గా కుదరదు, అక్కడ ఈ లెక్క వాడొద్దు.