కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ కావట్లేదా? ముందు ఎర్రర్ నంబర్ రాసుకోండి

కొత్త విండోస్ ల్యాప్‌టాప్ తెరిచిన రోజే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి నన్ను ఏడిపించింది. ఇన్‌స్టాల్ గీత ముప్పావు దాకా వచ్చేది, అక్కడ కాసేపు ఆగి మళ్లీ వెనక్కి పోయేది. ఫైలు పాడైందేమోనని నాలుగుసార్లు డౌన్‌లోడ్ చేశాను. దండగ.

నాలుగుసార్లూ ఎర్రర్ పెట్టెను చదవకుండానే టెన్షన్‌లో ఓకే నొక్కేశాను. మీరు నొక్కకండి, ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. అందులోని నంబరే దారి చూపిస్తుంది.

1618 అని వస్తే వెనకాల ఇంకో ఇన్‌స్టాల్ నడుస్తోందని అర్థం. కొత్త మెషీన్‌లో అది మామూలే, విండోస్ అప్‌డేట్లు వరసగా దిగుతుంటాయి. అవి పూర్తయ్యాక రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ పాత స్థితిలో కొంత దాచుకుని లేస్తుంది.

మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు తప్ప ఏవీ ఎక్కకపోతే అది ఎస్ మోడ్ కావచ్చు, అంటే స్టోర్ యాప్‌లనే రానిచ్చే విండోస్ పద్ధతి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ దగ్గర ఉచితంగానే బయటికి రావచ్చు, కానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు. ఇన్‌స్టాల్ అయ్యాక తెరిచేటప్పుడు వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ (చాలా ప్రోగ్రామ్‌లు వాడుకునే ఉమ్మడి ఫైలు) లేదంటే, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి అది ఉండే ప్యాకేజీ, విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్, తెచ్చుకోండి. ఆ ఒక్క డీఎల్ఎల్ ఇస్తామనే సైట్ల జోలికి పోవద్దు.

నాకు వచ్చింది 1603. ఇది మహా మొండిది, "ఏదో తేడా కొట్టింది" అనడం తప్ప ఏమీ చెప్పదు. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసినా అదే పాట. అప్పుడు లాగ్ చూశాను, అంటే ఇన్‌స్టాలర్ తను చేసిన పనులు వరసగా రాసుకునే ఫైలు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు శాతం గుర్తుల మధ్య టెంప్ అని ఇంగ్లిష్‌లో కొడితే టెంప్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. చాలా ఇన్‌స్టాలర్లు తమ లాగ్‌ను అక్కడే వదిలేస్తాయి. తేదీ ప్రకారం సర్దితే తాజాది పైకి వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి "రిటర్న్ వాల్యూ 3" అని, ఇదీ ఇంగ్లిష్‌లోనే, వెతకండి. అసలు గొడవ సాధారణంగా దానికి కాస్త పై వరసల్లో ఉంటుంది.

నా లాగ్‌లో అక్కడో ఫోల్డర్ దారి ఉంది. సీ డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత నా పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు! ముచ్చటపడి లోకల్ అకౌంట్‌కు (ఈ ల్యాప్‌టాప్‌లోనే పనిచేసే అకౌంట్) తెలుగు లిపిలో పేరు పెట్టుకున్నాను. ఫోల్డర్ కూడా అదే పేరుతో తయారైంది. ఆ పాతకాలపు ఇన్‌స్టాలర్‌కు తెలుగు అక్షరాలు చదవడం రాదు. తన ఫైళ్లు విప్పుకున్న చోటే దానికి దొరకలేదు.

అకౌంట్ పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు. అందుకే ఇంగ్లిష్ అక్షరాలతో కొత్త లోకల్ అకౌంట్ తెరిచి, దానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చి, అందులోంచి ఇన్‌స్టాల్ చేశాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లి ఆ అకౌంట్ పేరును మళ్లీ తెలుగులోకి మార్చుకున్నాను. లాగిన్ తెరమీద నా పేరు తెలుగులోనే కనిపిస్తోంది, లోపల ఫోల్డర్ మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంది.