అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే జపాన్‌లో టీచింగ్ జాబ్: జెట్ ప్రోగ్రామ్‌కి ఎలా అప్లై చెయ్యాలి

డిగ్రీ అయ్యాక కొన్నేళ్లు ఆసియాలో పని చేద్దాం అనుకునే అమెరికా పిల్లలు ఎవరడిగినా నేను ముందు చెప్పేది జెట్ ప్రోగ్రామే, అంటే విదేశీ యువతని జపాన్ స్కూళ్లలో, లోకల్ ఆఫీసుల్లో పనికి తీసుకునే ప్రోగ్రామ్. 1987 నుంచి జపాన్ ప్రభుత్వమే నడుపుతోంది, అప్లికేషన్ ఫీజు లేదు, మధ్యలో ఏజెంట్ ఉండడు, డబ్బులు కడితే జాబ్ ఇప్పిస్తాం అని ఎవరైనా అంటే అస్సలు నమ్మొద్దు.

ఎవరు అర్హులు అంటే, ముందు సిటిజన్‌షిప్ చూస్తారు. గ్రీన్ కార్డ్ చాలదు, అంటే డల్లాస్‌లో పెరిగిన మన తెలుగు పిల్లలైనా ఇంకా హెచ్4 డిపెండెంట్ వీసా మీదే ఉంటే అమెరికా నుంచి అప్లై చెయ్యడం కుదరదు. డిగ్రీ ఏ సబ్జెక్ట్ అయినా ఓకే, ఫైనల్ ఇయర్‌లో ఉన్నా బయల్దేరేలోపు పూర్తయితే చాలు. స్కూల్లో ఇంగ్లిష్ టీచర్‌కి అసిస్టెంట్‌గా వెళ్లేవాళ్లకి జపనీస్ రాకపోయినా పర్లేదు, ఎక్కువ పోస్టులు అవే. లోకల్ ఆఫీసుల్లో ట్రాన్స్‌లేషన్ లాంటి పనులకి మాత్రం భాష బాగా రావాలి.

అమెరికాలో అప్లికేషన్లు శరదృతువులో ఆన్‌లైన్‌లో ఓపెన్ అవుతాయి, నవంబర్‌లో క్లోజ్. ట్రాన్‌స్క్రిప్ట్, రెండు రికమెండేషన్ లెటర్లు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ కావాలి. ఎఫ్‌బీఐ రికార్డ్ చెక్ కూడా అడుగుతారు, దానికి వేలిముద్రలు ఇవ్వాలి.

అసలు కష్టపడాల్సింది ఆ స్టేట్‌మెంట్ మీదే. నాకు యానిమే ఇష్టం, జపాన్ అందంగా ఉంటుంది అని రాస్తే అందరిలో కలిసిపోతారు, చిన్నపిల్లలకి ట్యూషన్ చెప్పారా, గుళ్లో వాలంటీర్‌గా తెలుగు క్లాసులు నడిపారా, రెండు భాషల మధ్య పెరిగారా, అది రాయండి, నాకైతే క్లాస్‌రూమ్‌లో పనికొచ్చేది అదే అనిపిస్తుంది. షార్ట్‌లిస్ట్ అయితే జనవరి, ఫిబ్రవరిల్లో కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, వసంతంలో రిజల్ట్, జులై, ఆగస్టుల్లో ప్రయాణం, వెళ్లే టికెట్ వాళ్లదే.

ఊరు మాత్రం మన చేతిలో లేదు. ఇష్టమైన చోట్లు రాయొచ్చు గానీ టోక్యో రావడం చాలా అరుదు, ఎక్కువమందికి పల్లెటూళ్లు, చిన్న టౌన్లే పడతాయి, అక్కడ కారు లేకపోతే కదల్లేని చోట్లు కూడా ఉంటాయి. దీనికి మనసులో ఒప్పుకున్నాకే అప్లై చెయ్యండి. జీతం 2025లో పెంచారు, మొదటి ఏడాది దాదాపు 40 లక్షల యెన్లు, ట్యాక్సులు, అద్దె అందులోంచే పోతాయి. కాంట్రాక్ట్ ఏడాదికొకసారి రెన్యూ చేస్తారు, గరిష్ఠంగా 5 ఏళ్లు.

రికమెండేషన్ లెటర్లకి ప్రొఫెసర్లని వేసవిలోనే అడిగేయండి, నవంబర్ దగ్గరపడ్డాక వాళ్లు దొరకరు.