పండగ రద్దీకి ముందు సైటు నడిపేవాళ్లకు జాగ్రత్తలు: లాగిన్ అయ్యాక వచ్చే పేజీని క్యాష్‌లో పెట్టకండి

మొన్న మన పక్కే ఒక కాలేజీ ఫీజుల సైటులో జరిగిన సంగతి చాలామందికి వాట్సాప్‌లో చేరే ఉంటుంది. కాలేజీ పేరు అనవసరం. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. పొద్దున్నుంచీ సర్వర్ మూలుగుతోంది. మధ్యాహ్నం ఎవరో సీడీఎన్‌లోకి (సర్వర్‌కు ముందుండి పేజీల కాపీలు జనానికి అందించే సేవ) వెళ్లి అన్ని పేజీలనూ క్యాష్ చేసేలా, అంటే ఒక కాపీ దాచుకుని అందరికీ అదే ఇచ్చేలా, ఒక రూలు పెట్టారు. సైటు తేలికపడింది, ఆఫీసులో అందరూ హమ్మయ్య అనుకున్నారు. కాసేపటికి ఒక అమ్మాయి ఫోన్ చేసింది: "సార్, నా ప్రొఫైల్ తెరిస్తే ఎవరో అబ్బాయి ఫొటో వస్తోంది. వాళ్ల నాన్నగారి నంబర్ కూడా కనిపిస్తోంది."

నన్ను పిలిచింది ఆ తర్వాతే. ఆ పేజీ హెడర్లు (పేజీతో పాటు వెళ్లే సూచనల లైన్లు) తీసి చూస్తే మూడు లైన్లలో కథంతా ఉంది. క్యాష్-కంట్రోల్: పబ్లిక్, మ్యాక్స్-ఏజ్=600, అంటే పది నిమిషాలు ఎవరికైనా ఇదే కాపీ ఇవ్వొచ్చని. దాని కింద సెట్-కుకీ, అంటే లాగిన్ గుర్తును (సెషన్ ఐడీ) ఫోన్‌లో పెట్టే లైను. ఆ కింద ఏజ్: 212. అంటే 212 సెకన్ల కిందట ఒక కుర్రాడి కోసం తయారైన పేజీ, అతని సెషన్‌తో సహా, ఆ లింకు నొక్కిన ప్రతివాళ్ల చేతికీ వెళ్తోంది. ఫొటో చూడటంతో ఆగదు. ఆ కుకీ అందుకున్న ఫోన్ ఆ క్షణం నుంచి ఆ కుర్రాడిగా లాగిన్ అయినట్టే. అతని ఫోన్ నంబర్ మార్చొచ్చు, రశీదు దించుకోవచ్చు.

ముందున్న నెలలు చూడండి. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. అవే రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస పక్కన తీరం దాటింది. మాఘంలో అరసవల్లి రథసప్తమి. మధ్యలో పరీక్ష ఫీజులు, హాల్ టికెట్లు, ఫలితాలు. లాడ్జి గదులు, బస్సు టికెట్లు, ఆసుపత్రి ఓపీ టోకెన్లు, జీడిపప్పు ఆర్డర్లు, ఏ సైటు నడిపినా సరే, రద్దీ రోజున మీ చెయ్యి కూడా ఆ రూలు మీదకే వెళ్తుంది. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

బొమ్మలకూ సీఎస్ఎస్‌కూ (పేజీ రూపం చెప్పే ఫైలు) ఎక్కువ కాలం క్యాష్ పెట్టాలని, ఫైలు పేరులో వెర్షన్ వేస్తే ఏడాదైనా ఉంచొచ్చని మీకు తెలుసు. వాటి గురించి చెప్పను.

ఒకే ఒక్క తప్పు

లాగిన్ అయిన మనిషికి తయారైన పేజీని ఉమ్మడి క్యాష్‌లో (సీడీఎన్‌లా అందరికీ ఒకే కాపీ ఇచ్చేచోట) పెట్టడం. పెళ్లి భోజనాల్లో ఒకరు తిని లేచిన విస్తరినే తర్వాత కూర్చున్నవాళ్ల ముందు వేసినట్టు.

ఇది చిన్న ఊళ్ల చిన్న సైట్లకే జరుగుతుందనుకోకండి. 2015 క్రిస్మస్ రోజున స్టీమ్ గేమ్‌ల స్టోర్‌లో ఇదే జరిగింది. సేల్ రద్దీ మీద దాడి ట్రాఫిక్ కూడా వచ్చి పడింది. దాన్ని తట్టుకోవడానికి క్యాష్ రూల్స్ మార్చారు. అందులో ఒక మార్పు లాగిన్ అయినవాళ్ల పేజీలను కూడా పట్టేసింది. సుమారు 34 వేల మంది వివరాలు ఇతరులకు కనిపించి ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అంత పెద్ద కంపెనీ సైటులో కూడా ఆ పని జరిగింది ఒత్తిడిలోనేనని గుర్తుపెట్టుకోండి. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఈ తప్పు ఎవరూ చెయ్యరు.

ఈ తప్పు ముందుగా బయటపడకపోవడానికి కారణం ఉంది. రూలు పెట్టినవాడు తన ఫోన్‌లోనే లాగిన్ అయి చూసుకుంటాడు. తన పేజీ తనకే వస్తుంది, అదీ చకచకా వస్తుంది. బాగుందనుకుంటాడు. ఒక్కడే పరీక్షించినంత కాలం ఇది ఎప్పుడూ పాసే.

ప్రమాణం ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

చాలామంది ఇక్కడే మోసపోతారు. 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9111 (వెబ్ క్యాష్‌లకు నియమాలు చెప్పే ప్రమాణ పత్రం) ప్రకారం, రిక్వెస్టులో ఆథరైజేషన్ హెడర్ (లాగిన్ ఆధారం తెచ్చే లైను) ఉంటే దాని జవాబును ఉమ్మడి క్యాష్ దాచుకోకూడదు. పబ్లిక్, ఎస్-మ్యాక్స్ఏజ్, మస్ట్-రీవాలిడేట్ లాంటి అనుమతి మనమే రాసిస్తే తప్ప. సరే, బాగుంది. కానీ మన సైట్లలో చాలావరకు కుకీలతో నడుస్తాయి. కుకీకి ఈ రక్షణ లేదు. రిక్వెస్టులో కుకీ ఉన్నా, జవాబులో సెట్-కుకీ ఉన్నా, ఆ ఒక్క కారణంతో దాచుకోవడం ఆపమని ప్రమాణం చెప్పదు. వద్దని మీరే హెడర్‌లో రాయాలి.

సర్వర్ ముందుండి క్యాష్ నడిపే కొన్ని సాఫ్ట్‌వేర్లు తమంతట తామే జాగ్రత్తపడతాయి. ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా సెట్-కుకీ ఉన్న జవాబును దాచుకోదు. వార్నిష్ మామూలుగా కుకీతో వచ్చిన రిక్వెస్టుకు క్యాష్ జోలికి పోదు. అయితే మనవాళ్లు "క్యాష్ హిట్ (దాచిన కాపీ నుంచే జవాబు) రావట్లేదు" అని వెతికి, ఎక్కడో దొరికిన, హెడర్లను పట్టించుకోవద్దని చెప్పే ప్రాక్సీ_ఇగ్నోర్_హెడర్స్ లైను తెచ్చి అతికిస్తారు. హిట్లు వస్తాయి. వాటితో పాటు పక్కవాడి మార్కులు కూడా వస్తాయి. ఆ లైను ఎందుకుందో చెప్పలేకపోతే మీ కాన్ఫిగ్ నుంచి ఈరోజే తీసెయ్యండి.

హెడర్ అసలు పెట్టకపోతే క్షేమమని కూడా అనుకోవద్దు. క్యాష్-కంట్రోల్ లేనప్పుడు, లాస్ట్-మోడిఫైడ్ తేదీని బట్టి ఎంతసేపు ఉంచుకోవాలో క్యాష్ తానే లెక్కేసుకోవచ్చు. మీరు చెప్పకపోతే అది ఊహిస్తుంది.

మరి ఏం పెట్టాలి

మొత్తం సైటుకు డిఫాల్ట్ నో-స్టోర్, అంటే ఎక్కడా దాచుకోవద్దని. ఎవరు చూసినా ఒకేలా ఉండే పేజీలను మాత్రం ఒక్కొక్కటిగా పేరు పెట్టి క్యాష్‌కు అనుమతించండి: దర్శన వేళలు, ఫీజు వివరాలు, రూట్ మ్యాప్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అన్నీ క్యాష్, ప్రొఫైల్ తప్ప. వచ్చే వారం కొత్తగా చేరిన కుర్రాడు "నా రశీదులు" అని ఒక పేజీ కడతాడు. మీ మినహాయింపుల జాబితా ఒకటి ఉందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

నో-క్యాష్ అంటే దాచుకోవద్దని కాదు. దాచుకో, కానీ చూపించే ముందు ప్రతిసారీ నన్ను అడుగు అని. పబ్లిక్ పేజీలకు ఇది ఈట్యాగ్‌తో (పేజీ వెర్షన్ గుర్తు) కలిపి బాగా పనిచేస్తుంది, మార్పు లేకపోతే చిన్న 304తో (మారలేదన్న జవాబు) సరిపోతుంది. మార్కుల పేజీకి మాత్రం సరిపోదు. మన దగ్గర చాలామంది పిల్లలు ఫలితాలు చూసేది నెట్ సెంటర్లోనే. ఒకే కంప్యూటరు, ఒకే బ్రౌజరు. ఒకరు లాగౌట్ చేసి లేస్తారు, వెనకున్నవాళ్లు కూర్చుని బ్యాక్ బటన్ నొక్కుతారు. ప్రైవేట్ అని రాసినా అది సీడీఎన్‌నే ఆపుతుంది, నెట్ సెంటర్ బ్రౌజర్‌ను ఆపదు. పేరు, ఫోను, మార్కులు, బ్యాంకు వివరం ఉన్న ప్రతి పేజీకీ నో-స్టోర్.

వేరీ: కుకీ (కుకీని బట్టి వేరే కాపీ ఉంచమనే హెడర్) పెడితే పని అయిపోతుందని ఒకాయన వాదించాడు. కొన్ని సీడీఎన్‌లు వేరీని పట్టించుకోనే పట్టించుకోవు. పట్టించుకున్నా ఒక్కో మనిషికి ఒక్కో కాపీ దాచుకుంటూ పోతే క్యాష్ పెట్టిన ప్రయోజనమే ఉండదు.

ఇక పరీక్ష. రెండు ఫోన్లు, రెండు వేర్వేరు ఖాతాలు. మొదటి ఫోన్లో "నా వివరాలు" తెరవండి. అదే లింకును వెంటనే రెండో ఫోన్లో తెరవండి. తర్వాత లాగిన్ లేకుండా ఇంకో బ్రౌజర్లో తెరవండి. మూడు చోట్లా మూడు వేర్వేరు జవాబులు రావాలి. హెడర్లలో ఏజ్ అనేది కనిపించిందా, ఆ పేజీ ఎక్కడో దాగి ఉందనే అర్థం. క్యాష్ రూలు ఎంత చిన్నది మార్చినా ఈ పరీక్ష మళ్లీ చెయ్యండి. ఒక్క ఫోన్లో చూసి బాగుందనకండి.

మిగతావి

ఎక్స్‌టెన్షన్ చూసి క్యాష్ చేసే రూలు ప్రమాదం. ప్రొఫైల్ లింకు చివర స్లాష్ పెట్టి ఏదో ఒక పేరు, డాట్ సీఎస్ఎస్ అని చేరిస్తే, మీ అప్లికేషన్ తోకను పట్టించుకోకుండా ప్రొఫైలే ఇస్తుంది, సీడీఎన్ అది సీఎస్ఎస్ అనుకుని దాచుకుంటుంది. 2017లో ఒక భద్రతా పరిశోధకుడు పేపాల్ మీద ఇది చేసి చూపించాడు. లేని దారికి 404 ఇవ్వాలి, అంతే.

ఒక్కో ఐపీకి (నెట్ చిరునామాకు) ఇన్ని రిక్వెస్టులే అని పరిమితి పెట్టేముందు ఆలోచించండి. మొబైల్ నెట్‌వర్కుల్లో వందలమంది ఒకే ఐపీ వెనక ఉంటారు. సిరిమాను రోజున కోట దగ్గర నిలబడ్డ జనమంతా మీ సర్వర్‌కు ఒకే మనిషిలా కనిపించొచ్చు. సెషన్‌ను బట్టో, ఫోన్ నంబర్‌ను బట్టో పరిమితి పెట్టండి. సీడీఎన్ వెనక ఉంటే అసలు ఐపీ వచ్చే హెడర్ సరిచేసుకోండి, లేకపోతే మీరు ఆపేది సీడీఎన్‌నే.

పరిమితి దాటితే 429. సర్వర్ తట్టుకోలేకపోతే 503. రెండింటికీ రీట్రై-ఆఫ్టర్ హెడర్ జతచెయ్యండి.

503ను క్యాష్ చెయ్యకండి. సర్వర్ లేచాక కూడా జనానికి పడుకున్న సైటే కనిపిస్తుంది.

రద్దు చెయ్యడం, డబ్బు కట్టడం గెట్ రిక్వెస్టుతో (లింకు తెరవగానే వెళ్లేది) పెట్టకండి. ఎవరో ఆ లింకును గ్రూపులో పెడతారు, ప్రివ్యూ కోసం ఫోనే దాన్ని తెరుస్తుంది, టికెట్ పోతుంది.

కట్టండి బటన్ జనం రెండుసార్లు నొక్కుతారు. గాలివాన రోజు నాలుగుసార్లు నొక్కుతారు. ప్రతి ఆర్డరుకూ ముందే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, డేటాబేస్‌లో అది రెండోసారి ఎక్కకుండా యూనిక్ పెట్టండి. బటన్‌ను బూడిద రంగు చేసి వదిలెయ్యడం చాలదు.

పబ్లిక్ పేజీ గడువు తీరగానే వేలమంది ఒకేసారి సర్వర్ మీద పడతారు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ_క్యాష్_లాక్ ఆన్ చెయ్యండి, ఒక్క రిక్వెస్టే లోపలికి వెళ్తుంది.

సర్వర్ పడిపోతే పాత కాపీ చూపించే స్టేల్-ఇఫ్-ఎర్రర్ దర్శన వేళల పేజీకి మంచిదే. తుపాను హెచ్చరిక పేజీకి వద్దు. నిన్నటి హెచ్చరిక ఈరోజు చూపించడం కన్నా తెరుచుకోకపోవడమే నయం. ఆ పేజీ గడువు నిమిషం దాటకూడదు. సమాచారం ఎప్పటిదో తేదీ, గంట పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాయండి.

పండగ పేజీకి దారి మళ్లించేటప్పుడు 301 (శాశ్వత మళ్లింపు) వాడకండి. బ్రౌజర్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి, పండగ అయిపోయినా వదలవు. 302 (తాత్కాలిక మళ్లింపు) వాడండి.

ఫోన్ కెమెరా ఫొటో ఒక ఎంబీ దాటుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్ పరిమితి ఒక ఎంబీయే. అప్లోడ్ ఫారం ఉంటే ముందే పెంచండి, 413 (ఫైలు మరీ పెద్దదన్న జవాబు) వచ్చిన పెద్దాయనకు అదేంటో తెలియదు.

రద్దీ రోజున కాన్ఫిగ్ మార్చకండి. మార్చక తప్పకపోతే రెండో మనిషి పక్కన ఉండాలి. రెండు ఫోన్లు ఉండాలి.

లాగిన్ అయ్యాక వచ్చే పేజీని క్యాష్‌లో పెట్టకండి. ఓనరు అరిచినా పెట్టకండి. సైటు నెమ్మదిస్తే తిట్లతో పోతుంది. వివరాలు బయటపడితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది, భద్రతా చర్యలు తీసుకోనందుకు 250 కోట్ల దాకా జరిమానా అందులో రాసి ఉంది.

అయినా జరిగిపోతే వరస ఇది. ముందు క్యాష్ రూలు ఆపండి. ఆ తర్వాతే పర్జ్ చెయ్యండి, అంటే దాచిన కాపీలు తుడిచెయ్యండి. ముందు పర్జ్ చేస్తే ఆ రూలే మళ్లీ నింపేస్తుంది. తర్వాత అందరి సెషన్లూ రద్దు చెయ్యండి, ఒక్కరినీ వదలకండి, ఎవరి కుకీ ఎవరి దగ్గరుందో మీకు తెలియదు. బ్రౌజర్లలో చేరినవి మీ పర్జ్‌తో పోవు. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు, బ్రౌజర్ దాచినవి చెరపమనే క్లియర్-సైట్-డేటా హెడర్ పంపండి. లాగ్‌లు చెరపకండి, ఎవరి పేజీ ఎవరికి వెళ్లి ఉంటుందో తేల్చడానికి అవే ఆధారం. ఎవరి వివరాలు వెళ్లాయో వాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి, వాట్సాప్ గ్రూపు చెప్పేలోగా.