కారు సైలెన్సర్ లైనులో లీకు: లక్షణం, కారణం, రిపేరు

ఇంజను నుంచి వెనక బంపరు దాకా పొగ వెళ్లే దారిలో ఎక్కడ లీకైనా అందరూ "సైలెన్సర్ పోయింది" అనే అంటారు. కొన్ని షాపుల్లో అడగ్గానే సైలెన్సర్ మార్చేస్తారు కూడా. మోత తగ్గకపోతే అప్పుడు అసలు చోటు వెతుకుతారు. చాలాసార్లు పోయింది ఒక గ్యాస్కెట్టో (జాయింటు సందు మూసే పల్చటి ముక్క), రెండు స్ప్రింగ్ బోల్టులో అయి ఉంటుంది. అందుకే ఏ పార్టూ కొనకముందు లీకు చోటు తేల్చుకోవాలి.

చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా వరస ఇది: మానిఫోల్డ్ (సిలిండర్ల పొగనంతా ఒక పైపులోకి చేర్చేది), ముందు ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది), వెనక సెన్సర్, ఫ్లెక్సిబుల్ పైపు (మెకానిక్‌లు బెల్లో అంటారు), మధ్య పైపు, సైలెన్సర్, టెయిల్ పైపు. ఇప్పటి కార్లలో మానిఫోల్డ్, కన్వర్టర్ కలిసి ఒకే ముక్కగా వస్తుంటాయి. లీకు ఎంత ముందుంటే అంత ఖరీదు, అంత ప్రమాదం.

ప్రమాదం అన్నది ఊరికే కాదు. ఈ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వచ్చేసరికే అది రక్తంలో చేరి ఉంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, షట్టర్ వేసిన గ్యారేజీలో ఇంజను ఆన్‌లో పెట్టి లీకు వెతకొద్దు. బండిని బయటికి, గాలి ఆడే చోటికి తీయండి.

చల్లటి ఇంజనులో టిక్ టిక్, వేడెక్కాక తగ్గుతుంది

పొద్దున స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్ టిక్‌మని, యాక్సిలరేటర్‌తో పాటు వేగం పెరిగి, పది నిమిషాల్లో తగ్గిపోతుంటే మానిఫోల్డ్ గ్యాస్కెట్‌నో, మానిఫోల్డ్‌లో చీలికనో అనుమానించాలి. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే శబ్దం ఆగుతుంది. అంతమాత్రాన లీకు మానినట్టు కాదు.

దీన్ని ట్యాపెట్ (ఇంజను వాల్వులను కదిలించే భాగం) శబ్దంగా పొరబడేవాళ్లు ఎక్కువ. క్లియరెన్స్ (సందు) పెరిగిన ట్యాపెట్ ఇంజను వేడెక్కినా కొట్టుకుంటూనే ఉంటుంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల టిక్ టిక్ సన్నగా, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. లీకు శబ్దం మాత్రం ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజను మీద బరువు పడినప్పుడు పెద్దదవుతుంది. ఒక మీటరు రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ ఇంజనుకు కలిసే ఒక్కో పోర్ట్ దగ్గరికి తీసుకెళ్తే ఏ సిలిండర్ దగ్గరో తెలిసిపోతుంది. ఫ్యాను, బెల్టులకు ట్యూబు తగలకుండా చూసుకోండి. గ్యాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

యాక్సిలరేటర్ నొక్కితే బుర్రుమనే మోత

సీటు కింద నుంచి వస్తే బెల్లో లేదా మధ్య పైపు, వెనక సీటు వెనక నుంచి వస్తే సైలెన్సర్. కానీ చెవిని పూర్తిగా నమ్మొద్దు. శబ్దం పైపు వెంట పాకి, ఫ్లోరుకు తగిలి వేరే చోట వినిపిస్తుంది.

బెల్లో పోవడానికి మన రోడ్లలో ముఖ్య కారణం స్పీడ్ బ్రేకర్లకు కింద భాగం గీసుకోవడం. రెండోది, ఎక్కువమంది చూడనిది, ఇంజనును బాడీకి పట్టి ఉంచే ఇంజను మౌంటు. మౌంటు రబ్బరు అరిగితే క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజను ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపంతా బెల్లో భరించాలి. సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్ ఒకటి తెగినా ఇంతే, పైపు బరువు మొత్తం బెల్లో మీదే పడుతుంది. ఇవి చూడకుండా కొత్త బెల్లో వేయిస్తే కొద్ది నెలల్లో మళ్లీ చిరుగుతుంది.

సైలెన్సర్ మాత్రం లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. దూర ప్రయాణంలో అది బయటికి పోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో సైలెన్సర్ వేడెక్కదు, నీరు అడుగున చేరి రేకును తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలి బయటి నుంచీ సాయం చేస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. చాలా సైలెన్సర్ల అడుగున 2, 3 మి.మీ. గుండ్రటి రంధ్రం ఒకటి ఉంటుంది. ఆ నీరు కారడానికి కంపెనీ వేసిందే అది. పొద్దున అక్కడి నుంచి నీటి చుక్కలు, కాస్త పొగ రావడం మామూలే. లీకనుకుని దాన్ని మూస్తే సైలెన్సర్ ఇంకా త్వరగా పోతుంది. అంచు నున్నగా గుండ్రంగా ఉంటే వదిలేయండి, తుప్పు పట్టి చిరుగుల్లా ఉంటేనే చిల్లు.

కారు లోపల పొగ వాసన

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఏసీ బయటి గాలి తీసుకునే మోడ్‌లో ఉన్నప్పుడు మాత్రమే వాసన వస్తే లీకు బానెట్ కింద ఉండొచ్చు. వేగంగా వెళ్తుంటే వెనక నుంచి వస్తోందంటే డిక్కీ తలుపు రబ్బరు చూడండి. నడిచే కారు వెనక గాలి ఒత్తిడి తగ్గి, టెయిల్ పైపు పొగ లోపలికి లాగబడుతుంది. డిక్కీ తెరిచి సామాను కట్టుకుని వెళ్లేవాళ్లకు ఇదే జరుగుతుంది. రిపేరు అయ్యేదాకా అద్దాలన్నీ దించి నడపండి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి దూరం వెళ్లొద్దు.

చెక్ ఇంజన్ లైటు, తగ్గిన మైలేజీ

ముందు సెన్సర్ కంటే ముందున్న లీకులోంచి పొగ బయటికి పోవడమే కాదు, పొగ తెరలు తెరలుగా వస్తుంది కాబట్టి మధ్య మధ్యలో బయటి గాలి లోపలికీ వస్తుంది. సెన్సర్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనిపించి, పెట్రోలు చాలడం లేదని ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది. కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే ఓబీడీ రీడర్‌లో పి0171 (గాలికి తగ్గ పెట్రోలు లేదనే కోడ్) కనిపిస్తుంది. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తుంది. ఇన్‌టేక్ (ఇంజనులోకి గాలి వెళ్లే) వైపు వ్యాక్యూమ్ లీకుకూ ఇవే గుర్తులు కాబట్టి మసి చారలు చూశాకే నిర్ణయించండి. పి0420 (కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే కోడ్) వస్తే కన్వర్టర్ పోయిందని కంగారుపడి కొనేయొద్దు. వెనక సెన్సర్ దగ్గరి లీకు కూడా ఆ కోడ్ తెప్పించగలదు.

లీకు చోటు తేల్చడం

ఇంజను ఆపి, కనీసం రెండు గంటలు చల్లారనివ్వండి. గట్టి సమతల నేల, ఫస్ట్ గేరు, హ్యాండ్ బ్రేక్, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డుగా ఇటుకలు. జాకీతో లేపి జాకీ స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరకూడదు.

ఇంజను స్టార్ట్ చేయకుండానే వెతకడం మేలు. కంప్యూటర్ల దుమ్ము ఊదే చిన్న కరెంటు బ్లోయర్ చాలు. దాని మూతిని టెయిల్ పైపులో పెట్టి, చుట్టూ సందును తడిగుడ్డతో కుక్కండి. లీటరు నీటిలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్ప్రే సీసాలో పోసి, బ్లోయర్ ఆన్ చేసి వెనక నుంచి ముందుకు ఒక్కో జాయింటు మీద కొట్టుకుంటూ రండి. లీకున్న చోట బుడగలు పొంగుతాయి. సైలెన్సర్ కింది రంధ్రం దగ్గర బుడగలు సహజం. క్లాంపుతో బిగించిన పైపు జాయింట్ల దగ్గర ఒకటీ అరా వచ్చినా పట్టించుకోనక్కర్లేదు.

బ్లోయర్ లేకపోతే చల్లటి ఇంజనును స్టార్ట్ చేసి, ఒకరు మందపాటి తడిగుడ్డతో టెయిల్ పైపును కొన్ని సెకన్లు సగానికి పైగా మూస్తే, బుస్సుమనే శబ్దం లీకు దగ్గర పెరుగుతుంది. ఆ పట్టుకునేవాళ్లు పైపుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి.

రిపేరు

*స్ప్రింగ్ బోల్టుల జాయింటు.* చాలా చిన్న కార్లలో ముందు పైపు కలిసే చోట ఉంగరం ఆకారపు గ్యాస్కెట్, రెండు స్ప్రింగ్ బోల్టులు ఉంటాయి. ఇంట్లో చేసుకోగల పనుల్లో అన్నిటికంటే సులువు ఇదే. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. విప్పేటప్పుడు ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది తల అరగదీస్తుంది. కదలకపోతే ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పండి. పాత గ్యాస్కెట్ అవశేషాలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి కొత్తది వేయండి. రెండు బోల్టులను మార్చి మార్చి, బోల్టు గట్టు ఆనేదాకా బిగిస్తే చాలు. స్ప్రింగ్ పూర్తిగా నలిగేలా బిగిస్తే జాయింటు ఊగడం మానేస్తుంది, తర్వాత బెల్లో చిరుగుతుంది.

*మానిఫోల్డ్ గ్యాస్కెట్.* పని కష్టం కాదు, స్టడ్ (ఇంజను హెడ్డులో బిగించి, నట్టు పట్టే మరకడ్డీ) విరగడమే భయం. విరిగితే హెడ్డులోంచి డ్రిల్ చేసి తీయాల్సి వస్తుంది. తుప్పు పట్టిన నట్టు స్ప్రేకీ లొంగకపోతే ఇంట్లో బలప్రయోగం ఆపేసి షాపుకు ఇవ్వండి. నట్లు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితోనే (ఎంత బిగువు పడుతోందో చూపే పానా) బిగించాలి. బిగువు అంకె మీ కారు మాన్యువల్‌లో చూడండి. పాత గ్యాస్కెట్ మళ్లీ వేయకూడదు. దానికి బదులు సిలికాన్ పేస్ట్ అసలే వద్దు. బరువు మీద నడిచినప్పుడు మానిఫోల్డ్ వేడి 600 డిగ్రీలు దాటుతుంది. సిలికాన్ కాలిపోతుంది, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడు చేస్తుంది.

*బెల్లో.* అతుకులు నిలవవు, కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. కొనేముందు పైపు బయటి వ్యాసం, పాత బెల్లో పొడవు కొలుచుకోండి. కోసే ముందు రెండు వైపులా పైపు మీద ఒకే వరసలో గీత గీసుకోండి, లేకపోతే టెయిల్ పైపు వంకర తిరిగి బంపరుకు తగులుతుంది. బెల్లో మెలితిరిగి ఉండకూడదు, సాగదీసి పెట్టకూడదు. పైపును విప్పి వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లడం ఉత్తమం. కారు మీదే చేయిస్తే బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయించి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్‌కు దగ్గరగా పెట్టించండి. జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్క వాడతానంటే ఒప్పుకోవద్దు, జింకు పొగ మనిషికి జ్వరం తెప్పిస్తుంది.

*పైపులో, సైలెన్సర్‌లో చిల్లు.* ముందు స్క్రూడ్రైవర్‌తో చిల్లు చుట్టూ పొడిచి చూడండి. మెత్తగా దిగితే రేకే పోయింది, మార్చాల్సిందే. గట్టిగా ఉండి, చిల్లు రూపాయి బిళ్ల కంటే చిన్నదైతే అతుకు నిలుస్తుంది. తళుక్కుమనే లోహం కనిపించేదాకా రుద్ది, ఎగ్జాస్ట్ రిపేర్ పేస్ట్ రాయండి. చిల్లు పైపుకు అయితే దాని మీద అన్ని వైపులా 3 సెం.మీ. ఎక్కువ ఉండేలా పల్చటి ఇనుప రేకు చుట్టి, రెండు స్టీలు క్లాంపులతో బిగించండి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చాక పది నిమిషాలు ఐడిల్‌లో నడిపితే గట్టిపడుతుంది. మొదటిరోజు కాస్త కాలిన వాసన వస్తుంది. నీళ్ల ట్యాంకులకు వాడే ఎపాక్సీ ముద్దలు ఈ వేడికి ఆగవు. కూల్‌డ్రింక్ డబ్బా అల్యూమినియం కూడా పనికిరాదు.

ఏది చేసినా బ్లోయర్ పరీక్ష మళ్లీ చేసి, కోడ్ చెరిపేసి, వారం తర్వాత చల్లటి ఇంజనులో బోల్టుల బిగువు ఒకసారి చూడండి.

డీజిల్ అయితే

కామన్ రైల్ ఇంజనులో (ఇప్పటి డీజిల్ కార్లలో మామూలుగా ఉండే రకం) చఫ్ చఫ్‌మని, బానెట్ కింద నల్లటి తారు ముద్ద కట్టి ఉంటే అది ఎగ్జాస్ట్ లైను కాదు, ఇంజెక్టర్ కింది రాగి వాషర్. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఈల వేస్తూ పికప్ తగ్గితే టర్బో దగ్గరి జాయింటు. బీఎస్-6 డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), దాని ప్రెజర్ సెన్సర్ గొట్టాలు ఉన్న భాగంలో లీకు కనిపిస్తే ఇంట్లో విప్పకుండా, స్కానర్ ఉన్న వర్క్‌షాపుకే ఇవ్వాలి.