చైనా కథల్లో విప్లవం రైతుకు ఏం చేసిందో చదవడం ఎలా

తిరుపతిలో నలుగురు కూడి చైనా కథలు చదివితే, చర్చ అరగంటలోనే విప్లవం మంచిదా చెడ్డదా అన్న వాదులాటలో పడుతుంది. కథ పక్కకు పోతుంది. అలా కాకుండా మూడే వెతికి, ఒక్కోదానికి ఒక గడి గీసి రాసుకోండి: రైతు చేతికి ఏమొచ్చింది, చేతిలోంచి ఏం పోయింది, కుర్చీలో ఎవరున్నారు.

ముందుగా నోటుబుక్కులో ఈ సంవత్సరాలు రాసిపెట్టుకోండి: 1911 రాచరికంపై తిరుగుబాటు, 1950 భూసంస్కరణ చట్టం, 1958 కమ్యూన్లు (రైతుల భూములు కలిపేసిన సమష్టి వ్యవసాయం), 1959-61 కరువు, 1966-76 సాంస్కృతిక విప్లవం. రచయిత చాలాచోట్ల సంవత్సరం చెప్పడు. ఇనుము కరిగించడానికి ఇంట్లో వంటపాత్ర పట్టుకుపోయారంటే అది 1958 అని మనమే పట్టుకోవాలి.

నేల కొలత మన లెక్కలోకి మార్చండి. ఒక మూ అంటే పదహారున్నర సెంట్లు. మో యాన్ 2006 నాటి నవలలో కమ్యూనులో చేరనని మొండికేసిన లాన్ లియెన్‌కు ఉన్నది 3.2 మూ, అంటే 53 సెంట్లు. చిత్తూరు పల్లెల్లో అరెకరా కయ్య మీద బతికేవాళ్లను ఎరిగినవారికి ఆ మొండితనం ఇక విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదలు మాత్రం లూ షున్ రాసిన 'ఆ క్యూ' అనే కూలివాడి కథతోనే పెట్టుకోండి. 1921-22లో ధారావాహికగా వచ్చింది, తొమ్మిది అధ్యాయాలు. మొదటి ఆరూ ఒక విడత, చివరి మూడూ ఇంకో విడత చదవండి. ఆరింటితో ఆపితే ఆ క్యూ వట్టి వెర్రివాడుగా మిగిలిపోతాడు; ఎక్కువమంది జారేది ఇక్కడే. ఏడో అధ్యాయంలో విప్లవం వస్తోందనగానే, ఒకప్పుడు అతని చెంప పగలగొట్టిన జావో దొర గొంతు తగ్గించి మర్యాదగా పిలుస్తాడు. ఆ క్యూ తానూ విప్లవం చేద్దామని సన్యాసినుల మఠానికి పరిగెత్తేసరికి దొర కొడుకు, అతని స్నేహితుడు అప్పటికే విప్లవం ముగించుకుని, ధూపపాత్ర కూడా ఎత్తుకుపోయారు. పట్నంలో అధికారి హోదా పేరు మారింది, మనిషి మారలేదు. ఆ పేరాను బిగ్గరగా చదివించండి. చివర్లో చేయని దొంగతనానికి సంతకం పెట్టమంటే, చదువురాని ఆ క్యూ సున్నా చుట్టబోతాడు. అది పుచ్చగింజలా వంకరపోయిందని సిగ్గుపడతాడు. చావు కాగితం మీద గీస్తున్నానని అతనికి తెలియదు. ఇంతకంటే పెద్ద నేరారోపణ ఏ ఉపన్యాసంలోనూ దొరకదు.

తర్వాత గావ్ షియావ్‌షెంగ్ 1979లో రాసిన లీ షున్‌దా కథ. భూసంస్కరణ తర్వాత మూడు గదుల ఇల్లు కట్టాలని పూనుకుంటాడు. కడుపు కట్టుకుని కూడబెట్టిన సామాను 1958లో సమష్టి పేరుతో పోతుంది. ఇక్కడ 'వచ్చింది' గడి ఖాళీగా వదలొద్దు: అతనికి భూమి దక్కింది, కమ్యూనిస్టు పార్టీని మనసారా నమ్మాడు. ఆ నమ్మకం రాసుకోకపోతే తర్వాతి దెబ్బ ఎంత లోతుగా దిగిందో అందదు.

యూ హువా ఫూగుయ్ అనే మనిషి గురించి రాసిన నవలకు వచ్చేసరికి ఒక జాగ్రత్త. దాన్నుంచి తీసిన 1994 నాటి సినిమా చూసినవాళ్లు నవల మీద మాట్లాడితే లెక్క తప్పుతుంది. సినిమాలో ఫూగుయ్ కొడుకు గోడ కూలి చనిపోతాడు. నవలలో జిల్లా అధికారి భార్యను బతికించడానికి ఆసుపత్రిలో ఆ పిల్లాడి రక్తం చివరిదాకా లాగేస్తారు. మూడో ప్రశ్నకు జవాబు ఆ పేజీల్లోనే ఉంది, సినిమాలో కాదు.